వేరుశనగ పడని బిడ్డకు పనిరోజుల వంట



మన అనంతపురం జిల్లాలో సంగటి ఉంటే ఊరిబిండి ఉండవలసిందే. కాని కొందరు బిడ్డలకు వేరుశనగ పడదు. రవంత తగిలినా దద్దుర్లు, పెదవుల వాపు రావచ్చును. ఊపిరాడకపోతే పసరుమందులతో కాలయాపన చేయక 108కు ఫోను చేయండి.

అట్టి ఇంట్లో కలుపుల రోజున రాగిసంగటి, తోటకూర పప్పు చాలును. కందిపప్పు ఆ బిడ్డకు పడుతున్నదే కావలెను. పప్పు ఉడికేలోగా సంగటి కెలికేయవచ్చు. తాలింపుకు గానుగ వేరుశనగ నూనె వద్దు, పొద్దుతిరుగుడు నూనె వాడండి.

అసలు చిక్కు రోలుతోనే. ఊరిబిండి నూరిన రోట్లోనే బిడ్డకు పచ్చడి నూరితే, నూనె మార్చి ఏం లాభం? రాతి గంట్లలో ఇరుక్కున్న పిండి కడిగినా పూర్తిగా పోదు. వేరే చిన్నరోలు పెట్టండి. మిక్సీ అయితే వేరే గిన్నె. ఇంటిల్లిపాదీ ఊరిబిండి మానితే ఇంకా మేలు. మగవాళ్లు గొణుగుతారు, గొణగనీయండి.