కైటూర్ నుంచి కుంటాల దాకా
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

కమిటీ వాళ్లు నన్ను గయానా గురించి మాట్లాడమన్నారు. ఆఫ్రికాలోని ఘనా కాదు, దక్షిణ అమెరికాలో వెనెజులా పక్కనున్న చిన్న దేశం. 2015లో అక్కడి సముద్రంలో చమురు దొరికింది, 2019 చివర్లో తీయడం మొదలైంది. ఇప్పుడు చమురు కోసం మాలాంటి ఇంజనీర్లు, అడవి చూడ్డానికి టూరిస్టులు పోతున్నారు. మనవాళ్లు మాత్రం ఎప్పుడో పోయారు. 1838 నుంచి 1917 దాకా చెరుకు తోటల్లో కూలికి ఓడల్లో తీసుకుపోయారు. ఎక్కువమంది కలకత్తా రేవు నుంచే, కానీ మద్రాసు రేవులో ఎక్కినవాళ్లలో తమిళులతో పాటు తెలుగువాళ్లూ ఉన్నారు. భాష పోయింది, మారెమ్మ పూజ మిగిలింది.

పని మీద పోయినప్పుడు ఒక సెలవు రోజున కైటూర్ జలపాతం చూశాను. జార్జ్‌టౌన్ నుంచి చిన్న విమానంలో అడవి మీదుగా పోవాలి. పొటారో నది 226 మీటర్ల ఎత్తు నుంచి ఒకే దూకుగా పడుతుంది. నేను నిలబడ్డ అంచున కంచె లేదు, గైడ్ ఉన్నాడు. ఆయన ఇక్కడిదాకే అంటే ఇక్కడిదాకే. ఫొటో కోసం ఒకడుగు ముందుకేసిన పెద్దమనిషిని భుజం పట్టి వెనక్కి లాగాడు. వంద బోర్డులు పెట్టినా ఆ చెయ్యి చేసిన పని చెయ్యవు.

అక్కడ నాకు మన కుంటాల యాదికొచ్చింది. కైటూర్‌లో ఐదో వంతు, సుమారు 45 మీటర్లు. తక్కువేం కాదు. గాలి అడ్డు వదిలేసి లెక్క కడితే కింద పడేసరికి నీటి వేగం గంటకు 107 కిలోమీటర్లు. (సార్, సూత్రం మీరు నేర్పిందే.) కింద బండల్లో లోతైన గుంతలున్నాయి, పైకి నీళ్లు నిమ్మళంగా కనబడతాయి. నాచు పట్టిన బండ మీద కాలు జారితే ఈత వచ్చినా లాభం లేదు. సరదాగా పోయిన పిల్లలు శవాలై ఇంటికి రావడం పేపర్లో ఎన్నిసార్లు చదివాం!

పైగా అది కడెం వాగు. బోథ్ వైపు గుట్టల్లో వాన పడితే, మన నెత్తిన ఎండ కాస్తున్నా వాగు పెరుగుతుంది. 2022 జూలైలో ఈ వాగే దిగువన కడెం ప్రాజెక్టుకు 5 లక్షల క్యూసెక్కులకు పైగా వరద తెచ్చింది.

ఏటా తొమ్మిదో తరగతి పిల్లలను మన సంఘం ఖర్చుతో కుంటాల తీసుకుపోవాలన్న ప్రతిపాదన ఉంది. నేను ఒప్పుకుంటా, కానీ ఆగస్టులో వద్దు. వానలు వెనకబడ్డాక నవంబరులో పోదాం. చుట్టుపక్కల గూడేల యువకులను పదిమంది పిల్లలకు ఒకరి చొప్పున పెట్టుకుని రోజు కూలి మనమే ఇద్దాం. ఏ బండ ఎప్పుడు జారుతుందో వాళ్లకు తెలిసినట్టు మనకు తెలియదు. వాళ్లు ఆగమన్న చోట హెడ్‌మాస్టరైనా ఆగాల్సిందే. అన్నం కూడా అక్కడి ఆడవాళ్లతోనే వండిద్దాం, విస్తరాకుల్లో తిందాం.

జన్నారం మీదుగా పోతే కవ్వాల్ అడవి, 2012 నుంచి టైగర్ రిజర్వ్. పులి కనబడుతుందని మాత్రం పిల్లలకు ఆశ పెట్టకండి. దీపావళి రోజుల్లో పోతే గూడేల్లో దండారి ఉంటుంది. మార్లవాయి కనక రాజు గారికి 2021లో పద్మశ్రీ వచ్చాక గుస్సాడీని అందరూ ఫోన్లలో చూశారు. గూడెంలో అది పూజ. అడిగి నిలబడాలి, చెప్పులు విప్పమంటే విప్పాలి. మళ్లొకసారి ఆడండి, వీడియో తీసుకుంటాం అనొద్దు.

కుంటాలకు అద్దాల వంతెన, రోప్‌వే కావాలని మిత్రులు కొందరు అడుగుతున్నారు. కట్టొచ్చు. అంతకంటే ముందు నాలుగు తాళ్లు, పది లైఫ్ జాకెట్లు, వాటిని వాడటం వచ్చిన ఇద్దరు మనుషులు కావాలి. దానికి టెండర్లు అక్కర్లేదు, మన బ్యాచ్ చందాలు చాలు.

వచ్చే ఆదివారం పోయి మెట్లు, బస్సు ఆగే చోటు చూసి వస్తున్నా. మోకాళ్లు బాగున్నవాళ్లు ఇద్దరు తోడొస్తే చాలు, భోజనాలప్పుడు కార్యదర్శి గారికి పేర్లు ఇవ్వండి.