ఒప్పందమా, పందెమా?



ఈనాటి పాఠాన్ని ఒక చిన్న లెక్కతో మొదలుపెడదాం. ఆదివారం ఆటలో ఫలానా జట్టు గెలుస్తుందా? 'అవును' అనే ఒప్పందాన్ని మీరు 60 సెంట్లకు కొన్నారు. 'కాదు' అనే పక్షాన మరొకరు 40 సెంట్లు పెట్టారు. జట్టు గెలిస్తే డాలరు మీది, ఓడితే ఆయనది. గెలిచే అవకాశం సుమారు 60 శాతమని మార్కెట్ అనుకుంటోందన్నమాట. అమెరికాలో కాల్షీ అనే సంస్థ నడిపే అంచనాల మార్కెట్ ఇలాంటిదే.

మీ తాతగారిని అడిగితే ఇది పందెమే అంటారు. కాల్షీ మాత్రం కాదంటుంది. పేరు ఏదైతేనేం అనుకోకండి. పేరును బట్టి దానిపై అధికారం ఎవరిదో మారిపోతుంది.

అమెరికాలో జూదాన్ని అదుపు చేసే పని ప్రధానంగా రాష్ట్రాలది. ఆటల పందేలను రాష్ట్రాలు అనుమతించకుండా అడ్డుకున్న 1992 నాటి కేంద్ర చట్టాన్ని 2018లో మర్ఫీ కేసులో సుప్రీంకోర్టు కొట్టివేసింది. ఫ్యూచర్స్ వ్యాపారం మాత్రం కేంద్రానిది. 1974లో ఏర్పడిన సి.ఎఫ్.టి.సి. అనే కమిషన్‌కు దానిపై ప్రత్యేకాధికారం ఉంది.

ఫ్యూచర్స్ ఎందుకు పుట్టాయి? పంట చేతికొచ్చేసరికి ధర పడిపోతుందేమోనని గోధుమ రైతుకు భయం. ముందే ధర ఖాయం చేసుకుంటే ఆ భయం తగ్గుతుంది. మరి ఆట చూసేవాడికి ఏ పంట పోతుంది? రాష్ట్రాలు అడిగేది ఇదే. ఆట ఫలితాన్ని బట్టి హోటళ్ల, ప్రకటనదారుల ఆదాయం మారుతుందని రెండో పక్షం జవాబు. నాకైతే ఇది కాస్త సాగదీసిన జవాబే. అయితే వారి మరో వాదన గట్టిది: దేశమంతటికీ ఒకే మార్కెట్ అయినప్పుడు, అది యాభై రాష్ట్రాల చట్టాలకు వేర్వేరుగా ఎలా లోబడుతుంది?

కాల్షీకి 2020లో కమిషన్ గుర్తింపు వచ్చింది. 2025 జనవరిలో ఆటలపై ఒప్పందాలు మొదలుపెట్టింది. మార్చిలో నెవాడా, న్యూజెర్సీ ఆపమన్నాయి. ఏప్రిల్‌లో ఆ రెండుచోట్లా కేంద్ర న్యాయస్థానాలు కాల్షీకి తాత్కాలిక రక్షణ ఇచ్చాయి. ఆగస్టులో మేరీలాండ్ న్యాయస్థానం నిరాకరించింది. నవంబరులో నెవాడా న్యాయమూర్తి తాను ఇచ్చిన రక్షణను తానే ఎత్తివేశారు. కేంద్ర చట్టానిదే పైచేయి అని అమెరికా రాజ్యాంగం ఆరో అధికరణం చెబుతుంది. కానీ ఈ ఒప్పందాలు అసలు ఆ కేంద్ర చట్టం కిందికి వస్తాయా అన్నదే తగవు.

ఇందులో మీ వయసువారికీ సంబంధం ఉంది. నెవాడాలో పందెం కాయాలంటే 21 ఏళ్లు నిండాలి. కాల్షీలో 18 చాలు. పైగా లైసెన్సు పొందిన పందెపు సంస్థ ఆదాయంపై నెవాడాకు 6.75 శాతం వరకు పన్ను వస్తుంది. ఒప్పందం అంటే ఆ పన్ను రాదు.

ఇక మన రాజ్యాంగానికి వద్దాం. ఏడో షెడ్యూలు కేంద్ర జాబితాలో 48వ అంశం స్టాక్ ఎక్స్ఛేంజీలు, ఫ్యూచర్స్ మార్కెట్లు. రాష్ట్ర జాబితాలో 34వ అంశం పందేలు, జూదం. అయినా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ 2025 ఆగస్టులో పార్లమెంటే చట్టం చేసింది. ఆ రెండు అంశాలనూ నోటుబుక్కులో పక్కపక్కన రాసుకోండి. మన 60 సెంట్ల ఒప్పందాన్ని దేని కింద చేరుస్తారో, ఎందుకో రాసి మీ అధ్యాపకులకు చూపించండి.