పేరు లిపి మారునపుడు
(తిరుత్తణిలో తలిదండ్రుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



కంప్యూటరును గూర్చి మాటలాడుమని నన్ను కోరిరి. పిల్లల పేర్లతో ముడివేసి చెప్పినచో మీకు విసుగు కలుగదని తలంచుచున్నాను.

మన విద్యార్థులు పేర్ల పట్టిక నొకదానిని తయారుచేసిరి. అందు రెండు కంప్యూటరు భాషలు పనిచేయును. రెండును 1995లో వెలువడినవే. పి.హెచ్.పి. అనునది సర్వరులో పట్టికను చదివి, పుటను సిద్ధపరచి పంపివేయును. ఆ పుట మన తెరపైకి వచ్చిన పిదప జావాస్క్రిప్టు మేల్కొనును. అప్పటికి మొదటిదాని పని ముగిసియుండును. కావున చెప్పవలసినది ముందే వ్రాసి పుటలో నుంచవలెను. పిల్లలు వివరములను కొటేషను గుర్తుల నడుమ నట్లే పెట్టిరి. ఒక చిరునామాలో నట్టి గుర్తే యుండుటచే వాక్యము మధ్యలో తెగి, పుట పనిచేయలేదు. పిదప జేసన్ అను ఉమ్మడి పద్ధతిలో కట్టి పంపిరి. “భానుమతి” భానుమతిగానే చేరినది.

ఆపైన తమిళ పట్టిక కావలసివచ్చెను. యూనికోడులో మన “ప” సంఖ్య 3114, తమిళ “ప” సంఖ్య 2986. 128 తీసివేసిన చాలును. మన “భ” 3117. అందుండి 128 తీసివేసినచో వచ్చు 2989 స్థానము ఖాళీ! “బ”కును అంతియే. తమిళమున ప, ఫ, బ, భలకు ఒకే యక్షరము. అది ఆ లిపి లోపము కాదు; తమిళ శబ్దముల కది చాలును. తమిళ చదువరి అలవాటుచే సరిగానే పలుకును. యంత్రమున కా యలవాటు లేదు. తిరిగి తెలుగులోనికి తెచ్చినపుడు “పానుమతి” వచ్చినది. “బాల” కాస్త “పాల” యైనది. మీరు నవ్వుచున్నారు, పట్టాపై నట్లు పడినచో నవ్వలేము.

నేడు తిరువళ్ళూరు జిల్లాలో నున్న ఈ తిరుత్తణి, 1960 ఏప్రిలు 1న చిత్తూరు జిల్లానుండి మదరాసు రాష్ట్రమున చేరినది. 2006 నాటి చట్టము ననుసరించి మన పిల్లలు తమిళము నేర్చుచున్నారు; నేర్వవలసినదే. మా ముత్తవ్వ పేరు ఒక పాత తమిళ పత్రములో మాత్రమే మిగిలినది. భాగమ్మయో, బాగమ్మయో, పాకమ్మయో చెప్పగలవారు మా యింట నేడు లేరు.

అందుచే తమిళ రూపమునుండి తెలుగు పేరును పుట్టింపక, రెంటిని వేర్వేరు గడులలో నుంచితిమి. చేర్పు పత్రమున తెలుగు పేరునకు గడి యున్నది. ఒత్తును మరువక, మీ చేతితోనే వ్రాసి యీయవలెనని మనవి.