కొలువుకు ఒక్కటే దర్వాజ లేదు



1919ల క్లాసులు మొదలైన ఉస్మానియా, ఉర్దూలనే సైన్సు చెప్పిన యూనివర్సిటీ. ఇయ్యాల మన పిల్లలు ఇంగ్లీషు రాదని ఇంటర్వ్యూ గది ముందల నుంచి మర్లిపోతున్నరు. ఇది తెలివి లేక కాదు, అలవాటు లేక.

2022ల 503 గ్రూప్-1 పోస్టులకు నోటిఫికేషనొచ్చింది. ప్రిలిమ్స్ రెండుసార్లు పెట్టిన్రు, రెండుసార్లూ రద్దు. మొదటిది పేపర్ లీకైతె, రెండోది హైకోర్టు తీర్పుతోని. 2024ల మళ్ల 563 పోస్టులకు కొత్తది. నడుమ లైబ్రరీల కరిగిన వయసును ఎవరు తిరిగిస్తరు? సర్కారు నడగాల్సింది అడుగుదాం. కానీ ఆ ఒక్క దర్వాజ కాడనే నిలవడొద్దంటున్నం.

బయోడేటా ఒక్క పేజీల రాయున్రి. 'కష్టపడి పనిచేస్త' అంటె ఎవడూ సదవడు. హాస్టల్ మెస్ లెక్కలు సూసినోడు అదే రాయాలె: ఎంతమందికి, ఎన్ని నెలలు. నాయిన దుకాణంల జీఎస్టీ బిల్లులు కొట్టిన పిల్ల అది దాసిపెడతది, ఎందుకో మాకైతె సమజ్ కాదు. ఎక్కడికి, ఏ తారీఖున దరఖాస్తు పంపిన్రో నోటుబుక్కుల రాసుకొని, వారం దాటినంక మళ్ల అడగాలె. నలుగురు కూసొని ఒకరినొకరు ఇంటర్వ్యూ చేసుకోవాలె, ముందుగాల తెలుగులనే. రిజిస్ట్రేషన్ పైసలడిగినోని కాడికి పోవద్దు, అది కొలువే కాదు.

ప్లేస్‌మెంట్ సెల్ ఇంజినీరింగోళ్లకే అనుకుంటున్నరు. బీఏ పిల్లగాండ్లు రేపు పొద్దుగాల పోయి మాకేమున్నదని అడుగున్రి. మేం గూడ వస్తం.