కొట్టక ముందే మొదలయ్యే హింస
(కుటుంబ హింసపై జరిగిన సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



కుటుంబ హింస అనగానే మన సమాజం అడిగే తొలి ప్రశ్న ఒకటే: "కొట్టాడా?" పోలీసు స్టేషన్‌లో అదే ప్రశ్న, మస్జిద్ కమిటీ పంచాయితీలో అదే ప్రశ్న, చివరకు కన్నతల్లి నోటా అదే ప్రశ్న. లేదంటే "అయితే సర్దుకుపో" అంటాం. అవునంటే "ఎన్నిసార్లు?" అని అడుగుతాం. దెబ్బలు లెక్కపెట్టే ఈ అలవాటు వల్ల, దెబ్బకు ముందు ఏళ్ల తరబడి ఆ ఇంట్లో ఏం జరిగిందన్నది మన దృష్టికి రావడం లేదు. దెబ్బ హింసకు ఆరంభం కాదు. అప్పటికే బిగిసిన ఒక పట్టును నిలుపుకోవడానికి వాడే అనేక సాధనాల్లో అది ఒకటి మాత్రమే. ఈ రోజు మేము మీ ముందు ఉంచదలచిన మాట ఇదే.

అమెరికా సామాజిక శాస్త్రవేత్త ఇవాన్ స్టార్క్ 2007లో వెలువరించిన గ్రంథంలో ఈ పట్టును విపులంగా చర్చించారు. తెలుగులో దాన్ని 'నిర్బంధ నియంత్రణ' అనవచ్చు. స్త్రీ దేహంపై జరిగే దాడిగా కంటే ఆమె స్వేచ్ఛపై జరిగే దాడిగా దీన్ని చూడాలన్నది ఆయన వాదన. ఈ ఆలోచన ప్రభావంతోనే ఇంగ్లాండ్, వేల్స్‌లలో 2015 నాటి చట్టం దీన్ని ప్రత్యేక నేరంగా గుర్తించి, అయిదేళ్ల వరకు జైలుశిక్ష విధించే వీలు కల్పించింది.

పేరు కొత్తదే కానీ విషయం మన ఇళ్లకు కొత్తది కాదు. పెళ్లయిన కొత్తలో అది ప్రేమగానే కనిపిస్తుంది. "నీకు ఉద్యోగం ఎందుకు, నేను లేనా?" అంటాడు. తర్వాత ఫోన్ తెరిచి చూపమంటాడు. పుట్టింటికి నెలకోసారి వెళ్లే మనిషి పండుగకే వెళ్తుంది, ఆ తర్వాత పండుగకూ వెళ్లదు. స్నేహితురాలు చెడ్డదవుతుంది, అక్క చాడీలు చెప్పేదవుతుంది. మెహర్‌గా ఇచ్చిన బంగారం "భద్రంగా ఉంటుంది" అంటూ అత్తగారి బీరువాలోకి చేరుతుంది. కూరగాయలకు ఇచ్చిన డబ్బుకు రూపాయి రూపాయికీ లెక్క చెప్పాలి. ఇవన్నీ విడివిడిగా చూస్తే చిన్న విషయాలే. ఏ ఒక్కదాని మీదా ఫిర్యాదు చేయలేం. కలిపి చూసినప్పుడే అది కంచె అని తెలుస్తుంది.

ఈ కంచెకు దూరం అడ్డు కాదు. నిజామాబాద్, కడప, హైదరాబాద్ పాతబస్తీ వంటి చోట్ల నుంచి గల్ఫ్‌కు వెళ్లినవారి ఇళ్లలో దాని మరో రూపం కనిపిస్తుంది. భర్త దుబాయిలో ఉంటాడు, ఏటీఎం కార్డు మరిది దగ్గర ఉంటుంది. రోజుకు నాలుగుసార్లు వీడియో కాల్ వస్తుంది. ఇల్లంతా కెమెరా తిప్పి చూపాలి. ఒక్కసారి ఫోన్ ఎత్తకపోతే రాత్రంతా సంజాయిషీ. అక్కడ చెమటోడ్చి సంపాదించి పంపేవారిలో అత్యధికులు కుటుంబం మీద ప్రేమతోనే పంపుతారు. వారి గురించి కాదు ఈ మాట. కానీ వేల మైళ్ల దూరంలో ఉన్నవాడు ఒక్క దెబ్బ వేయకుండానే ఒక మనిషిని గడప దాటకుండా ఆపగలిగాడంటే, హింసకు చేయి అవసరం లేదని మనకు అర్థం కావాలి.

దీని వెనుక ఉన్న మనస్తత్వం గురించి రెండు అపోహలున్నాయి. మొదటిది, "కోపం ఆపుకోలేడు పాపం" అన్నది. పై అధికారి తిడితే తల వంచుకుని నిలబడే మనిషి, వీధిలో అందరికీ ముందుగా సలాం చెప్పే మనిషి, ఇంటి తలుపు మూసిన తర్వాతే కోపం ఆపుకోలేకపోతున్నాడంటే, అతడు ఆపుకోలేక కాదు, అక్కడ ఆపుకోనక్కర్లేదని తెలిసి. రెండవది, "అంత బాధగా ఉంటే ఎందుకు వదిలి రాలేదు?" అన్నది. మనస్తత్వవేత్త లెనోర్ వాకర్ 1979లోనే హింస ఒక వలయంగా తిరుగుతుందని వివరించారు. ఉద్రిక్తత పెరుగుతుంది, విరుచుకుపడతాడు, ఆ తర్వాత కన్నీళ్లు, క్షమాపణ, కొత్త చీర, పిల్లలకు మిఠాయి. ప్రతి ఇంట్లో ఈ వలయం అచ్చంగా ఇలాగే తిరగదని తర్వాతి పరిశోధకులు సవరించారు. అయినా ఆ చివరి ఘట్టం మన ఇళ్లలో చాలామందికి పరిచితమే. అప్పుడప్పుడూ దొరికే ఆ దయే ఆమెను కట్టి ఉంచుతుంది. మంచివాడైన ఆ మనిషి మళ్లీ వస్తాడని ఎదురుచూస్తుంది. తానే ఏదో తప్పు చేశానని, ఇంకొంచెం జాగ్రత్తగా ఉంటే ఇల్లు బాగుంటుందని నమ్ముతుంది. భర్త ముఖం చూసి మాట్లాడటం అలవాటవుతుంది. కొన్నేళ్లకు తనకు ఏం కావాలో చెప్పమంటే చెప్పలేదు. ఆ ఇంటి పిల్లలు కూడా గేటు చప్పుడును బట్టే ఆ రాత్రి ఎలా గడుస్తుందో పసిగడతారు.

ఇక ప్రాణం మీదికి వచ్చే దశ. అమెరికాలో నర్సింగ్ ఆచార్యురాలు జాక్వెలిన్ క్యాంప్‌బెల్ భార్యల హత్యలను పరిశీలించి, ప్రమాదాన్ని ముందుగా అంచనా వేసే ప్రశ్నావళిని రూపొందించారు. గొంతు నొక్కడం, చంపుతానని బెదిరించడం, గర్భంతో ఉన్నప్పుడు కొట్టడం, అనుక్షణం అనుమానించి అడుగడుగునా అదుపు చేయడం అందులోని హెచ్చరికలు. వీటిలో గొంతు నొక్కడం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. మెడ మీద గుర్తులు మిగలకపోవచ్చు, అందుకే మన పంచాయితీల్లో అది చిన్న విషయంగా దాటిపోతుంది. నిజానికి అది అత్యంత ప్రమాదకరమైన సంకేతం. అలాగే స్త్రీ విడిపోవాలని నిర్ణయించుకున్న సమయం, విడిపోయిన తొలి రోజులు ఎక్కువ ప్రమాదకరం. పట్టు జారుతున్నదని తెలిసినప్పుడే పట్టుకున్నవాడు తెగిస్తాడు. అందువల్ల "ఒక్కసారి వచ్చి మాట్లాడి వెళ్లు, అంతా సర్దుకుంటుంది" అంటూ ఆమెను ఒంటరిగా ఆ ఇంటికి పంపడం రాజీ కాదు. ప్రాణాపాయంలోకి నెట్టడం.

సోదరులారా, ఈ మాటలు పాశ్చాత్యుల దిగుమతి అనేవారు మన మధ్య ఉన్నారు. వారికి 1939 నాటి ముస్లిం వివాహాల రద్దు చట్టాన్ని గుర్తు చేస్తున్నాం. హనఫీ సంప్రదాయంలో స్త్రీకి విడాకుల దారి దాదాపు మూసుకుపోయి ఉన్న రోజుల్లో, మౌలానా అష్రఫ్ అలీ థానవీ వంటి ఉలమాలు మాలికీ సంప్రదాయం ఆధారంగా దారి వెతికారు. ఆ కృషే చట్టానికి బాట వేసింది. అందులోని రెండవ సెక్షన్ క్రూరత్వం అంటే ఏమిటో వివరిస్తూ, దేహానికి దెబ్బ తగలకపోయినా ప్రవర్తనతో జీవితాన్ని దుర్భరం చేయడాన్ని చేర్చింది. ఆమె ఆస్తిని అమ్మివేయడం, దానిపై ఆమె హక్కులను అడ్డుకోవడం, ఆమె మతాచరణకు ఆటంకం కలిగించడం కూడా క్రూరత్వమేనంది. ఇంగ్లాండ్ చట్టానికి 76 ఏళ్ల ముందే ఈ దేశపు ముస్లిం స్త్రీల కోసం ఈ మాటలు చట్టంలోకి ఎక్కాయి.

అంతకన్నా వెనక్కి వెళ్దాం. బాధించే ఉద్దేశంతో భార్యను నిలిపి ఉంచుకోవద్దని ఖుర్ఆన్ బఖరా అధ్యాయం 231వ వాక్యం హెచ్చరిస్తున్నది. ఒకరికి మించి భార్యలున్న సందర్భంలో ఒకామెను గాలిలో వేలాడదీసినట్టు వదలవద్దని నిసా అధ్యాయం 129వ వాక్యం చెబుతున్నది. తలాఖ్ ఇవ్వక, కాపురానికి తీసుకుపోక, ఖులాకు ఒప్పుకోక ఏళ్లకేళ్లు వేలాడదీయబడిన ఆడపిల్లలు నేడు మన బస్తీల్లో ఉన్నారు. 2019 చట్టం మీద దేశమంతా వాదించుకుంది. ఈ వేలాడే జీవితాల గురించి ఎవరూ వాదించలేదు.

చట్టపరంగా ఉన్న దారులు అందరికీ తెలియాలి. 2005 గృహహింస చట్టం 2006 అక్టోబరు 26 నుంచి అమలులో ఉంది. అన్ని మతాల స్త్రీలకూ అది వర్తిస్తుంది. అవమానించడం, డబ్బు ఆపడం, నగలు లాక్కోవడం కూడా ఆ చట్టం దృష్టిలో హింసే. ఇల్లు ఎవరి పేరున ఉన్నా, కలిసి కాపురం చేసిన ఇంట్లో ఉండే హక్కు ఆమెకు ఉంటుంది. మెజిస్ట్రేట్ ఇచ్చిన రక్షణ ఉత్తర్వును ఉల్లంఘిస్తే ఏడాది వరకు జైలు. విడాకులు పొందిన ముస్లిం స్త్రీ కూడా అందరిలాగే భరణం కోరవచ్చునని తెలంగాణ నుంచి వెళ్లిన ఒక కేసులో సుప్రీంకోర్టు 2024 జూలై 10న స్పష్టం చేసింది. 181కి ఫోన్ చేస్తే సఖి కేంద్రానికి దారి చూపుతారు. తక్షణ ప్రమాదంలో 112.

అయినా ఎందుకు మాట్లాడరు? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో వివాహిత స్త్రీలలో దాదాపు 37 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 30 శాతం భర్త హింసను చవిచూశారు. దేశం మొత్తం మీద హింసకు గురైన స్త్రీలలో సహాయం కోరినవారు 14 శాతమే. ఇది అన్ని మతాల లెక్క. ముస్లిం స్త్రీకి దీనిపైన మరో బరువు ఉంది. తన ఇంటి గోడు బయటపెడితే అది రేపు తన సమాజం మొత్తాన్ని తిట్టడానికి ఆయుధమవుతుందేమోనన్న భయం. స్టేషన్ మెట్లెక్కితే భర్తను ఏం చేస్తారోనన్న భయం. ఆ భయం నిరాధారమైనదని మేము అనం. కానీ సమాజం ఇజ్జత్‌ను కాపాడే బాధ్యతను దెబ్బలు తినే మనిషి ఒక్కదాని మీదే ఎందుకు మోపుతున్నాం? ఎక్కడికి వెళ్తున్నావు, ఎవరితో మాట్లాడుతున్నావు, నీ విధేయతను రుజువు చేయి అంటూ అనుక్షణం అనుమానంగా చూస్తే మనిషి ఎంత కుంగిపోతాడో ఈ దేశంలో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. రాజ్యం ముందు మనం వద్దంటున్న ఆ చూపును మన ఆడపిల్లల మీద ఇంట్లో ఎలా అనుమతిస్తాం? మైనారిటీ హక్కులు గడప దగ్గర ఆగిపోయేవి కావు.

అందుకే పెద్దలను మూడు విషయాలు కోరుతున్నాం. పంచాయితీకి వచ్చిన స్త్రీతో భర్త, అత్తమామలు లేనప్పుడు విడిగా, మరో స్త్రీ సమక్షంలో మాట్లాడండి. "కొట్టాడా?" అనడానికి ముందు "అతనంటే భయమా? ఎప్పుడైనా గొంతు నొక్కాడా? నీ డబ్బు, నీ ఫోన్ ఎవరి చేతిలో ఉన్నాయి?" అని అడగండి. నికాహ్ సమయంలోనే మెహర్ వధువు చేతికి, వీలైతే ఆమె బ్యాంకు ఖాతాలోకి చేరేలా చూడండి. నికాహ్‌నామా ప్రతి ఒకటి ఆమె దగ్గరే ఉండాలి. జుమా ప్రసంగాల్లో భార్య విధుల గురించి ఎన్నిసార్లు చెబుతారో, భర్త హద్దుల గురించీ అన్నిసార్లు చెప్పండి.

తల్లిదండ్రులకు ఒక్క మాట. "సబర్ చేయి బేటీ" అనడం మనకు సులువు. సబర్ అంటే కష్టంలో నిలబడే బలం. మరొకరి దౌర్జన్యానికి అది లైసెన్సు కాదు. బిడ్డ ఫోన్లు తగ్గినప్పుడు, పండుగకు రానప్పుడు, మాట్లాడుతూ మాట్లాడుతూ గొంతు తగ్గించినప్పుడు, వెళ్లి చూడండి. "ఈ ఇంటి తలుపు నీకు ఎప్పుడూ తెరిచే ఉంటుంది" అని ముందే చెప్పి ఉంచండి. ఆ ఒక్క మాట తోడుగా ఉంటే ఆమె సమయానికి బయటపడగలదు.