నిలిచిపోయిన మోటారుకారు

నేను నంద్యాలలో మోటారు మరమ్మతు పని చేయువాడను. ఈ పూట మీతో ముచ్చటింపబూనిన విషయము చిన్నదే. గాని అది తెలియకపోవుటచేత మంచి బండ్లు తూకమునకు పోవుచున్నవి.

నంద్యాలనుండి శిరివెళ్ల మీదుగా ఆళ్లగడ్డకు పోవు పెద్దరోడ్డును పూర్వము 18వ నెంబరు జాతీయ రహదారి యనెడివారు. ఇప్పుడది 40వ నెంబరు. ఆ దారి కిరుప్రక్కల నున్న పల్లెలలో ఏ గడ్డివామి చాటుననో, ఏ రేకుల కొట్టము క్రిందనో దుమ్ముగొట్టుకొని నిలిచిన అంబాసడరో, మారుతి 800 కారో కానవచ్చును. ఈ రెండింటి తయారీయు 2014లోనే ఆగిపోయినది. బండి కొన్న తండ్రి ముసలివాడగును. కుమారుడు హైదరాబాదో బెంగుళూరో చేరును. బండి కొట్టములోనే యుండును. 2020 మార్చి 25వ తేదీన దేశమంతటను రాకపోకలు నిలిపివేసిన నాడు ఆగి, మరల కదలని బండ్లును కలవు. కొన్నేండ్లకు ఎవరో బ్యాటరీ తెచ్చి సెల్ఫు కొట్టుదురు. ఇంజను తిరుగునే గాని అందుకొనదు. మేస్త్రీ వచ్చి, “కంప్రెషను లేదు; ఇంజను దించి బోరింగు చేయవలె” ననును. అందుకగు ఖర్చు విని యజమాని పాతయినుప వ్యాపారికి కబురంపును.

కంప్రెషను లేదనుట, ఒంట జ్వరమున్నదనుట వంటిది. అది ఎందుచేత వచ్చినదో చూడక మందు నిర్ణయింపరాదు.

సైకిలు పంపును మీరందరు నెరుగుదురు. దానిలోని తోలువాసరు ఎండిపోయినచో ఎంత కొట్టినను గాలి ఎక్కదు. రెండుచుక్కల నూనె వేసి తోలును మెత్తబరచితిమా, మరల పంపు పనిచేయును. మోటారు ఇంజనులోను జరుగునది ఇంచుమించుగా నిదియే. పాత పెట్రోలు కారులో పిస్టను పైకి లేచునప్పుడు ఏడెనిమిది పాళ్ల గాలిని ఒక్కపాలు జాగాలోనికి నొక్కును; డీజిలు బండ్లలో పదునారు పాళ్లకు పైన. ఆ నొక్కుడు చాలనిచో మంట అందుకొనదు. బావిమీద ఆయిలింజనును హ్యాండిలుతో త్రిప్పినవారికి ఇది చేతికి తెలిసిన సంగతి. లివరు వదలినంతనే హ్యాండిలు బరువుగా అడ్డుపడినయెడల ఇంజనులో బలమున్నదనియు, గిరగిర తిరిగిపోయినయెడల గాలి ఎక్కడనో జారిపోవుచున్నదనియు మీరే చెప్పుదురు.

గాలి జారుటకు దారులు మూడు. పిస్టను చుట్టునున్న రింగుల సందున క్రిందికి పోవచ్చును. సరిగా మూతపడని వాల్వుగుండ పోవచ్చును. హెడ్డు క్రింది గాస్కెట్టు చెడి ప్రక్క సిలిండరులోనికో, నీటిలోనికో పోవచ్చును. బండి ఊరకే నిలిచియుండుట యీ మూడింటికిని హాని చేయును. నాలుగు సిలిండర్ల ఇంజను ఆగినప్పుడు ఏదో యొక సిలిండరునకు వాల్వు తెరచియే యుండును. మన యెండకు పగలెల్ల కాగి రాత్రి చల్లారునప్పుడు ఆ తెరచిన దారిని వచ్చిన గాలిలోని చెమ్మ ఇనుముపై పట్టి త్రుప్పగును. సిలిండరు గోడమీది నూనె క్రిందికి దిగిపోవును. రింగులు మసితో తమ గాడులలోనే అంటుకొనును. దీనికితోడు ఇంటిలోని పిల్లలు ఆత్రపడి ఆక్సిలరేటరు త్రొక్కి త్రొక్కి సెల్ఫు కొట్టుదురు. మిగిలిన కాస్త నూనెను పెట్రోలు కడిగివేయును. అప్పుడు గేజి పెట్టినచో నాలుగు సిలిండర్లును చచ్చినట్లే కనబడును. ఎలుకలు గాలిశుద్ధి డబ్బాలో గూడు పెట్టినను అంతే. ముందు ఆ డబ్బా మూత తీసి చూచుట మేలు.

కనుక నిలిచిన బండికి సెల్ఫు కొట్టుట మొదటి పని కాదు. ప్లగ్గులన్నియు తీసి, రంధ్రములలో కొంచెము కొంచెముగా పలుచని నూనె పోసి, రెండు రాత్రులట్లే యుంచవలెను. పిమ్మట చేతితో మెల్లగా త్రిప్పవలెను. అడ్డుపడినచో బలవంతము చేయరాదు; రింగు విరిగిపోవును. సులువుగా తిరిగిన తరువాతనే మంచి బ్యాటరీ పెట్టి, రంధ్రములమీద గుడ్డ కప్పి, సెల్ఫుతో ఆ నూనెను బయటికి కొట్టించవలెను. ఇగ్నిషను తీగ తప్పించుట మరువరాదు. రంధ్రములనుండి పెట్రోలు ఆవిరి వచ్చును గాన చుట్టలు కాల్చు పెద్దలు ఆ కాసేపు దూరముగా నుండవలెను.

అటుపిమ్మట గేజి పెట్టి, ఆక్సిలరేటరు పూర్తిగా త్రొక్కియుంచి, ప్రతి సిలిండరుకును ఒకే లెక్కగా అయిదారు చుట్లు త్రిప్పవలెను. టైరులో గాలిని కొలిచినట్లే ఇక్కడను చదరపు అంగుళమునకు ఇన్ని పౌనులని చూతుము. కారుటైరులో 30 ఉండునట్టిది, పాత పెట్రోలు ఇంజనులో 120 ప్రాంతమున నుండును. అన్నిటికంటె తక్కువది, అన్నిటికంటె ఎక్కువదానిలో ముప్పాతికకు తగ్గరాదు. తగ్గినచోట ఒక చిన్న చెంచాడు ఇంజనాయిలు పోసి మరల కొలువవలెను. అంకె బాగుగా పెరిగినయెడల తప్పు రింగులది. సైకిలు పంపు సంగతియే యిది. పెరుగనియెడల వాల్వును అనుమానింపవలెను. ప్రక్కప్రక్కనున్న రెండును ఒకేరీతి పడిపోయినచో గాస్కెట్టును చూడవలెను. మారుతి 800లో వాల్వులను నడుపునది బెల్టు. అది పళ్లు జారినను ఒత్తిడి పడిపోవును గాన ఆ బండిలో దానిని ముందు చూడుడు.

ఆళ్లగడ్డ చెంత నొక పల్లెకు నన్ను పిలిచిరి. పెట్రోలు అంబాసడరు, నాలుగేండ్లుగా నిలిచియున్నది. ఇంజను పోయినదని అంతకుముందే ఎవరో చెప్పియుండిరి. బేరగాడు తూకమునకు ధర కట్టిపోయెను. ఆ పెద్దాయన నాతో, “ఏం నాయనా, ఇచ్చేయాల్సిందేనా? మా పాపను అత్తగారింటికి ఈ బండ్లోనే సాగనంపినా” నెను. నూనె పోసి రెండునాళ్లు ఆగి కొలిచితిని. మొదటిది 115, రెండవది 110, మూడవది 35, నాలుగవది 95. మూడవదానిలో ఆయిలు పోసినను 40 దాటలేదు. ఆ పిస్టనును పైకి తెచ్చి, రెండు వాల్వులును మూతపడు చోట నిలిపి, బండిని గేరులో నుంచి, ప్లగ్గు రంధ్రముగుండ గాలి ఎక్కించితిమి. సైలెన్సరు గొట్టమువద్ద చెవిపెట్టిన పెద్దాయనయే మొదట విని, “బుస్సుమంటాంది” అనెను. పైమూత తీసి చూడగా ఆ సిలిండరు పొగవాల్వు త్రుప్పుచే బిగిసి సగములోనే నిలిచియుండెను. కాడమీద నూనె వేయుచు కొయ్యసుత్తితో మెల్లగా తట్టగా మరునాటికి వదలెను. ఇంజను దించలేదు, బోరింగు లేదు. క్రొత్త పెట్రోలు పోసి నడిపి, వేడెక్కిన తరువాత కొలిచిన మూడవది 105కు వచ్చెను. నాలుగవది 100 దాటలేదు. ఆ బండికి అది చాలును.

అన్ని బండ్లును ఇట్లు బ్రతుకునని నేను చెప్పను. 2019 సెప్టెంబరులో కుందూనది పొంగినప్పుడు నంద్యాలలో నీట మునిగిన కారొకటి మూడేండ్లకు నా యొద్దకు వచ్చెను. ఆయిలు పాలవలె తెల్లబడియుండెను. సిలిండరు గోడలు మశూచి మచ్చలవలె గుంటలుపడియుండెను. దానిని అమ్మివేయుమనియే చెప్పితిని. ఏది బ్రతుకునో, ఏది బ్రతుకదో తేల్చుకొనుటకు ఇప్పుడు మరియొక కారణమున్నది. పదునైదేండ్లు దాటిన కారునకు రిజిస్ట్రేషను పునరుద్ధరించుకొను రుసుమును 2022 ఏప్రిల్ 1వ తేదీనుండి 600 రూపాయలనుండి 5,000 రూపాయలకు పెంచిరి. అంత సొమ్ము కట్టుటకు ముందు గేజి మాట వినుట మంచిది.

బాగుపడిన బండిని మరల నిలుపవలసివచ్చినచో, వారమున కొకసారి కొట్టములోనే అయిదు నిమిషములు ఇంజను వేసి ఆపుట కొందరి యలవాటు. దానివలన మేలుకంటె కీడెక్కువ. ఇంజను కాగకమునుపే ఆపినచో మంటలో పుట్టిన నీరు లోపలనే నిలుచును. ఇప్పటి పెట్రోలులో కలుపు ఇథనాలును చెమ్మను పీల్చును గాన ట్యాంకులో పాతది మురుగనీయరాదు. నెలకొకసారి బండిని రోడ్డెక్కించి, ఆళ్లగడ్డనుండి అహోబిలము వరకు పోయివచ్చినచో ఇంజను చక్కగా కాగును, బ్యాటరీయు నిండును.