వేలి మీద సిరా చెరగకముందే

(2024 ఏప్రిల్ నెలాఖరులో యానాంలో జరిగిన క్రైస్తవ యువత కూడికలో చేసిన ప్రసంగ పాఠం)



అందరూ ఒకసారి ఎడమచేతి చూపుడువేలు చూసుకోండి. యానాం వాళ్ల వేలి మీద సిరా మరక ఇంకా ఉంది. మేము ఏప్రిల్ 19న ఓటేశాం. వంతెన దాటి ఎదురులంక వైపు నుంచి వచ్చినవాళ్ల వేళ్లకు ఇంకా మరక లేదు. మీ పోలింగు మే 13న. మన మధ్య ఉన్నది గోదావరి ఒక్కటే. మాట ఒకటే, చుట్టరికాలు ఒకటే, ఆదివారం పాడుకునే పాటలూ ఒకటే. కానీ మాది కేంద్రపాలిత ప్రాంతం కాబట్టి 800 కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న పుదుచ్చేరి ఎంపీ సీటుకు ఓటేశాం. మీరు అమలాపురం ఎంపీకి, ముమ్మిడివరం ఎమ్మెల్యేకి వేయబోతున్నారు. జూన్ 4న అందరి ఓట్లూ లెక్కపెడతారు.

మేము ఏ పార్టీ కండువా వేసుకున్నవాళ్లం కాదు. చిన్న ఉద్యోగాలు, కూలి పనులు చేసుకునే మామూలు మనుషులం. ఓటేశాక మా మనసులో మెదులుతున్న సంగతులు మీతో పంచుకుందామని వచ్చాం.

ముందుగా ఒకటి ఒప్పుకోవాలి. మార్చి 29 శుభ శుక్రవారం. ఆ రోజు మన మందిరాల్లో యూదా ముప్పై వెండి నాణేలకు ప్రభువును అప్పగించిన సంగతి విన్నాం, కన్నీళ్లు పెట్టుకున్నాం. సరిగ్గా మూడు వారాలకు, మళ్లీ శుక్రవారమే పోలింగు వచ్చింది. ఈ మధ్యలో చాలా ఇళ్లకు కవర్లు వచ్చాయి. ఎవరు పంచారన్న మాట ఇక్కడ వద్దు. మనం తీసుకున్నామా లేదా అన్నదే చూసుకుందాం. మనలో చాలామందిమి తీసుకున్నాం. "అది మన డబ్బే కదా" అనుకున్నాం. "తీసుకుని మనకు నచ్చినవాళ్లకే వేద్దాం" అనుకున్నాం. తీసుకోకపోతే మన ఇంటిని గుర్తుపెట్టుకుంటారని భయపడినవాళ్లూ ఉన్నారు. ఆ భయం ఉత్తది కాదు. రోజు కూలితో గడిచే ఇంట్లో ఆ కవరు విలువేమిటో మాకు తెలుసు. కాబట్టి ఎవరి మీదా రాయి వేసే అర్హత మాకు లేదు.

కానీ చట్టం ప్రకారం ఓటుకు డబ్బు ఇచ్చినా నేరమే, పుచ్చుకున్నా నేరమే. ఏడాది వరకు జైలు పడవచ్చు. అంతకంటే పెద్ద నష్టం ఇంకొకటి ఉంది. 2022 జూలైలో గోదావరి వరద మన వీధుల్లోకి వచ్చింది. రేపు మళ్లీ వస్తే గట్టు సంగతి అడగడానికి వెళ్తాం. "మీ ఇంటికి ఇవ్వాల్సింది అప్పుడే ఇచ్చేశాం కదమ్మా" అంటే ఏం చెబుతాం? ఓటుతో పాటు అడిగే నోరు కూడా అమ్ముకున్నట్టే.

ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు ఎన్నికల బాండ్ల పథకం రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. పార్టీలకు ఎవరు డబ్బిస్తున్నారో తెలుసుకునే హక్కు ఓటరుకు ఉందని చెప్పింది. మనం సంతోషించాం, వాట్సాప్ స్టేటస్‌లు పెట్టుకున్నాం. పైన రహస్యంగా చేతులు మారే డబ్బు తప్పయితే, కింద రహస్యంగా మన చేతికి వచ్చేదీ తప్పే కదా.

"మా ఒక్క ఓటుతో ఏమవుతుంది? 543 మంది ఎంపీల్లో మాకు ఒకరు, ఆ ఒకరికి మా యానాం ఎంత?" అని తరచూ వింటుంటాం. నిజమే, 2011 లెక్కల్లో యానాం జనాభా 55,626. చిన్న ఊరే. కానీ ఇవాళ మీరు దాటి వచ్చిన వంతెన పేరేమిటి? బాలయోగి వారధి. జి.ఎం.సి. బాలయోగి గారు ఎదురులంకలోనే ఒక దళిత రైతు కుటుంబంలో పుట్టారు. 1998లో లోక్‌సభ స్పీకరయ్యారు. ఆ కుర్చీలో కూర్చున్న మొదటి దళితుడు ఆయనే. 1999 ఏప్రిల్ 17న వాజ్‌పేయి ప్రభుత్వ విశ్వాస తీర్మానం ఓటింగుకు వచ్చింది. గిరిధర్ గమాంగ్ అప్పటికే ఒరిస్సా ముఖ్యమంత్రి, ఎంపీ పదవి మాత్రం ఇంకా వదులుకోలేదు. ఆయన ఓటేయవచ్చా అని సభలో గొడవ. స్పీకర్ ఆ విషయాన్ని గమాంగ్ మనస్సాక్షికే వదిలేశారు. గమాంగ్ ఓటేశారు. అనుకూలంగా 269, వ్యతిరేకంగా 270. ఒక్క ఓటు తేడాతో కేంద్ర ప్రభుత్వం పడిపోయింది. ఆ రోజు స్పీకర్ కుర్చీలో ఉన్నది మనకు ఎదురుగా కనపడే ఒడ్డు మనిషి.

ఆ నిర్ణయం ఒప్పా తప్పా అని ఇప్పటికీ వాదించుకునేవాళ్లున్నారు. ఆయనది ఏ పార్టీ అన్నదీ మనకు అనవసరం. రెండు సంగతులు మాత్రం పట్టుకుందాం. ఒక్క ఓటు కూడా లెక్కలోకి వస్తుంది. చట్టం చెప్పాల్సింది చెప్పి ఊరుకున్న చోట మనిషికి మిగిలేది మనస్సాక్షే.

మనస్సాక్షి అన్నాం కాబట్టి మన ఇంటి సంగతి ఒకటి. అమలాపురం ఎస్సీలకు రిజర్వు చేసిన సీటు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వులో 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవుడైన దళితుణ్ణి మాత్రం ఈ రోజుకీ ఎస్సీగా గుర్తించరు. పుదుచ్చేరికి 1964లో ఇచ్చిన ఉత్తర్వూ ఇంతే. అందుకే మన పిల్లలు ఆదివారం ఒకరు, సర్టిఫికెట్ కాగితంలో ఇంకొకరు. మతం మారినంత మాత్రాన వీధిలో కులం పోయిందా? దీన్ని పరిశీలించడానికి 2022లో జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ కమిషన్ వేశారు, నివేదిక ఇంకా రాలేదు. ఓట్లు అడగడానికి వచ్చినవాళ్లను దీని గురించి ఒక్క మాట అడిగామా? ప్రార్థన చేసి, ఫొటో దిగి, పంపించేశాం.

మేము ఓటేసిన ఏప్రిల్ 19నే మణిపూర్‌లోనూ పోలింగు జరిగింది. గత ఏడాది మే 3న మొదలైన హింసలో ఇల్లూ వాకిలీ పోగొట్టుకున్నవాళ్లు సహాయ శిబిరాల దగ్గరే ఓటేశారు. వాళ్ల గురించి ప్రార్థించాం. వాళ్ల గురించి ప్రశ్న మాత్రం అడగలేదు.

న్యాయాధిపతులు 9వ అధ్యాయం మీకు తెలుసు. అబీమెలెకు డెబ్బై తులాల వెండితో మనుషుల్ని కూడగట్టుకుని రాజయ్యాడు. డబ్బుతో పదవి కొనడం అంత పాతది. అప్పుడు యోతాము కొండెక్కి చెట్ల కథ చెప్పాడు. చెట్లన్నీ కలిసి రాజు కావాలని ఒలీవను అడిగాయి, అంజూరాన్ని అడిగాయి, ద్రాక్షను అడిగాయి. ఎవరి పని వాళ్లకుందన్నాయి. చివరికి ముళ్లపొద సరేనంది. నీడే లేని పొద, తన నీడకు రమ్మంది! మనం ఎప్పుడూ ముళ్లపొదనే తిడతాం. ఒలీవ చెట్టు సంగతి మాట్లాడం. "రాజకీయాలు మనకెందుకు, మనం ప్రార్థన చేసుకుందాం" అన్నది ఆ ఒలీవ మాటే.

తమ్ముళ్లూ చెల్లెళ్లూ, పుదుచ్చేరి ప్రాంతంలో 2006 తర్వాత మున్సిపల్ ఎన్నికలు జరగలేదు. అంటే యానాంలో ముప్పై ఏళ్ల లోపు వాళ్లెవరూ వార్డు కౌన్సిలర్‌కు ఓటేసి ఎరగరు. కాలువ పూడికకీ వీధి దీపానికీ కూడా ఎమ్మెల్యే గారి గుమ్మం ముందే నిలబడాలి. నిలబడి గెలవగలిగే పిల్లలు మన సంఘాల్లో లేరా? ఉన్నారు. ఎన్నికలు పెట్టమని అడిగేవాళ్లే తక్కువయ్యారు.

అందుకని మూడు పనులు పెట్టుకుందాం. అవతలి ఒడ్డు వాళ్లు మే 13 లోపు కవరు వద్దని చెప్పగలిగితే చెప్పండి. ఒక్కరే చెప్పలేకపోతే వీధంతా కలిసి చెప్పండి, అప్పుడు భయం తగ్గుతుంది. రెండోది, జూన్ 4న ఎవరు గెలిచినా సరే, దళిత క్రైస్తవుల హక్కు, మణిపూర్ బాధితుల న్యాయం, మున్సిపల్ ఎన్నికలు, ఈ మూడింటి గురించి రెండు ఒడ్డుల ఎంపీలకూ మన సంతకాలతో ఉత్తరం పంపుదాం. మూడోది, తీసుకున్న కవర్ల సంగతి ఈ ఆదివారం దేవుని ముందు ఒప్పుకుందాం. ఆ డబ్బు ఇంకా మిగిలి ఉంటే, మనకంటే లేనివాళ్లకు ఇచ్చేద్దాం.

ఈ సిరా కొన్నాళ్లకు చెరిగిపోతుంది. అది చెరగకముందే ఆ ఉత్తరం రాయడం మొదలుపెడదాం. ప్రభువు మనకు ధైర్యమివ్వాలి.